మడి, మడుగు, గట్టు: కటక్ వరి–చేపల పొలం

వర్షాధారపు పల్లపు భూమి రైతును ఏడాదిలో మూడుసార్లు మూడు రకాలుగా పరీక్షిస్తుంది. జూన్‌లో తొలకరి పడి ఆగిపోతే మొలక ఎండుతుంది. ఆగస్టుకి అదే మడిలో మోకాటి లోతు నీళ్లు నిలుస్తాయి. చుట్టుపక్కల నీళ్లన్నీ చేరేది అక్కడికే కాబట్టి వాటిని బయటికి తీయడానికి వాటం ఉండదు. డిసెంబరులో వరి కోశాక నేల నెర్రెలిస్తుంది, రెండో పంటకు తడి దొరకదు. మహానది డెల్టాలో కటక్ చుట్టుపక్కల ఏటా సుమారు 1,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. నీటికి కరువు లేదు. కావలసిన చోట, కావలసిన నెలలో ఉండకపోవడమే అక్కడి రైతు బాధ.

కటక్‌లో 1946లో ఏర్పడిన కేంద్ర వరి పరిశోధన సంస్థ (మధ్యలో కొన్నేళ్లు జాతీయ వరి పరిశోధన సంస్థ అనే పేరుతో ఉంది) ఈ నేల కోసం ఒక పొలాన్ని రూపొందించింది. అందులో వరి, చేప, రొయ్య, బాతు, కోడి, అరటి, కొబ్బరి, కూరగాయలు అన్నీ ఉన్నాయి. వీటిలో ఏదీ రైతుకు కొత్త కాదు. సమగ్ర వ్యవసాయం అనగానే ఇవన్నీ ఒకేచోట పెంచడమే అనుకుంటారు చాలామంది. అలా పెంచితే ఒక్కోసారి ఒకదాన్నొకటి చంపుకుంటాయి: బాతు చేపపిల్లను మింగుతుంది, వరికి కొట్టిన మందు చేపను తేల్చేస్తుంది, చెట్టునీడ వరిని తాలు చేస్తుంది. వడ్రంగి పనితనం చెక్క నునుపులో కన్నా అతుకులో తెలిసినట్టు, ఈ పొలం పనితనమంతా ఒక భాగం మరో భాగాన్ని తాకే చోట ఉంది. దాన్నే ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు నేల పంపకం. మొత్తం విస్తీర్ణంలో సుమారు 20 శాతం వెడల్పాటి గట్లకు, 13 శాతం నీటి మడుగుకూ కందకాలకూ, మిగిలిన 67 శాతం వరిమడికి. మడుగు పొలంలో అన్నిటికంటే పల్లపు అంచున ఉంటుంది: 10 మీటర్ల వెడల్పు, 1.75 మీటర్ల లోతు. మడికి రెండు పక్కలా 3 మీటర్ల వెడల్పున, సగటున మీటరు లోతున కందకాలు సాగి ఆ మడుగులో కలుస్తాయి. వాటి అడుగు సమతలంగా ఉండదు. మడుగు వైపుకి అర శాతం వాలు, అంటే వంద మీటర్ల పొడవుకు అర మీటరు దిగుడు. గట్టులో ఒకచోట తూము, దానికి జాలీ.

కాగితం మీద ఈ అంకెలు పొడిగా కనిపిస్తాయి. ఒక హెక్టారును వంద మీటర్ల చతురస్రం అనుకుని లెక్క వేస్తే వాటి వెనక ఉన్న ఆలోచన తెలుస్తుంది. 20 శాతం గట్లంటే చుట్టూ దాదాపు 5.3 మీటర్ల వెడల్పు. కాలిబాట గట్టు కాదది, రెండు వరసల అరటి నాటినా మధ్యలో నడవడానికి చోటుండే గట్టు. లోపల మిగిలిన భుజం 89 మీటర్లు. మడుగు నుంచి దాదాపు 1,560 ఘనపు మీటర్లు, రెండు కందకాల నుంచి మరో 480 మట్టి వస్తుంది. ఒడ్లు ఏటవాలుగా తీస్తారు కాబట్టి అసలు తవ్వకం ఇంతకన్నా తగ్గుతుంది కానీ, ఇంచుమించుగా 2,000 ఘనపు మీటర్లు అనుకోవచ్చు. గట్ల విస్తీర్ణం 2,000 చదరపు మీటర్లు. తవ్విన మట్టిని గట్ల మీద పరిస్తే దాదాపు మీటరు ఎత్తు లేస్తుంది. బయటి నుంచి ఒక్క బండి మట్టి తోలనక్కర్లేదు, మిగిలిన మట్టిని ఎక్కడ పోయాలన్న చింతా లేదు. నీటికి లోతు కావలసినచోట తీసిన మట్టే, నీటిపైన ఎత్తు కావలసినచోట నిలబడుతుంది. వరదకు మునిగే ఊళ్లో కూరగాయ మొక్కకు ఆ మీటరు ఎత్తే ప్రాణం.

ఇప్పుడు నీటి సంగతి. తొలి వానల నీరు మడిలో నిలవదు, కందకాల్లోంచి జారి మడుగుకు చేరుతుంది. కాబట్టి మడి ఇంకా దుక్కిలో ఉండగానే మడుగు నిండటం మొదలవుతుంది. జూలై, ఆగస్టుల్లో మడుగూ కందకాలూ నిండి నీరు మడిలోకి ఎక్కుతుంది. తూము అంచు ఎంత ఎత్తున ఉంటే మడిలో నీళ్లు అంతవరకే నిలుస్తాయి, ఆపైది పొంగి బయటికి పోతుంది. అక్టోబరు దాటాక నీరు తీసే దారి కూడా ఇదే, తిరుగు వరసలో. ముందు మడి, తర్వాత కందకం, చివరికి మడుగు. ఆ అర శాతం వాలు పని అప్పుడు తెలుస్తుంది. ఎనభై మీటర్ల కందకంలో అది 40 సెంటీమీటర్ల దిగుడు. నీరు తగ్గుతున్న కొద్దీ ఎక్కడా గుంట కట్టకుండా మడుగు వైపే జరుగుతుంది, నీటితోపాటు చేప జరుగుతుంది. చేపను ఎవరూ తోలరు, ఏ మూలా చిక్కుకుని చావదు. కందకం అడుగు సమంగా ఉంటే ఎక్కడికక్కడ చిన్న మడుగులు మిగిలేవి, తెల్లారేసరికి అక్కడ కొంగలు చేరేవి.

వరి ఎంపిక కూడా ఈ నీటి నడకను బట్టే. ఇక్కడ ఒక సున్నితమైన తేడా ఉంది. మన మార్టేరులో పుట్టిన స్వర్ణ, ఎం.టి.యు. 7029, తూర్పు భారతమంతా పాకింది. దానికి ముంపు తట్టుకునే జన్యువును అందించినది కటక్‌లో ఒడిశా నాటు వరి నుంచి ఏరిన ఎఫ్.ఆర్. 13ఎ. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో ఆ రెండూ కలిసి స్వర్ణ సబ్–1 అయింది. 2009లో మన దేశంలో విడుదలైంది. వరద ముంచితే ఆ మొక్క పైకి ఎగబాకదు. ఎదుగుదల ఆపి, ఉన్న పిండిపదార్థాన్ని దాచుకుని, రెండు వారాల దాకా ఓపిక పట్టి, నీరు తీశాక మళ్లీ లేస్తుంది. గోదావరి వంగడం, మహానది జన్యువు కలిసిన ఆ కథ గురించి తెలుగువాళ్లు గర్వపడవచ్చు. అయినా అది వచ్చిపోయే వరదకు సరిపోయే పైరు. సీజను పొడుగునా అర మీటరు నీళ్లు నిలిచే మడికి పొట్టి రకం పనికిరాదు. అక్కడ పొడుగ్గా, గట్టి కాండంతో పెరిగే వర్షధాన్, దుర్గ, సరళ లాంటి రకాలు కావాలి.

ఇలాంటి పల్లపు రకాలు చాలావాటిలో ఇంకో గుణం ఉంది: పగటి పొద్దు కురచ అయ్యేదాకా ఈనవు. జూన్‌లో విత్తినా, వాన ఆలస్యమై కాస్త వెనకగా విత్తినా, పూత దాదాపు ఒకే రోజుల్లో వస్తుంది. మడిలో నీరు తీసే కాలమూ అదే. పైరు లోపలి గడియారం, పొలం నీటి గడియారం కలిసి నడుస్తాయి. నీరు మడి దిగేసరికి గింజ గట్టిపడుతుంది, చేప మడుగుకు చేరుతుంది, కోతకు నేల ఆరుతుంది. విత్తనం కూడా తొలకరికే పొడి దుక్కిలో వెదజల్లుతారు. నీళ్లు ఎక్కేలోపు పైరు ఒక ఎత్తుకు రావాలి. నారు పోసి, పీకి, నాటేంత వ్యవధి పల్లపు నేల ఇవ్వదు.

మడిలో నీరు నిలదొక్కుకున్నాక చేపపిల్లలను వదులుతారు. బొచ్చె పైనీటిలో జంతుప్లవకాలను తింటుంది. శీలవతి నడినీటిలో మేస్తుంది. ఎర్రమోసు అడుగున కుళ్లిన ఆకూ అలమూ ఏరుకుంటుంది. బంగారుతీగ ముక్కుతో బురద కెలుకుతుంది, దానివల్ల వేళ్లకు గాలి ఆడుతుంది, బురదలో చిక్కుకున్న పోషకాలు నీటిలోకి వస్తాయి. నీలకంఠ రొయ్య రాత్రిపూట అడుగంతా గాలిస్తుంది. ఒకే నీటిని అంతస్తులుగా పంచుకోవడం కొల్లేరు, ఆకివీడు రైతులకు బాగా తెలిసిన విద్యే. ఇక్కడ అదనంగా పైన వరి ఉంది. చేప దుబ్బుల మధ్య తిరుగుతూ కాండానికి తగిలినప్పుడు సుడిదోమలు నీళ్లలో పడతాయి, చేప నోటికి చిక్కుతాయి. దోమల లార్వాలు, నాచు, లేత కలుపు కూడా తింటుంది. దాని విసర్జనలో నత్రజని ఎక్కువ భాగం అమ్మోనియా రూపంలో ఉంటుంది. వరి వేరు దాన్ని నేరుగా తీసుకోగలదు. ఒక్క గడ్డిచేప విషయంలోనే జాగ్రత్త. దానికి కలుపుకీ లేత వరికీ తేడా తెలియదు.

మరి చేపకు మడుగెందుకు, మడిలోనే ఉండకూడదా? ఎండ కాసిన మధ్యాహ్నం మడిలోని పల్చటి నీరు వేడెక్కుతుంది. తెల్లవారుజామున, రాత్రంతా నాచూ వరీ చేపా శ్వాసించి ప్రాణవాయువు అడుగంటినప్పుడు, ఆ పల్చటి నీటిలో ఊపిరి ఆడదు. లోతు నీటికి ఆ రెండు వేళల్లో చేప చేరుకుంటుంది, మేతకు మళ్లీ మడికి వస్తుంది. ఈ రాకపోకలకు దారి కందకమే. వరిలో పురుగు మందు కొట్టక తప్పని రోజు వస్తే కూడా ఇదే దారి. మడిలో నీరు తగ్గించి, చేప మడుగులో చేరాకనే మందు కొడతారు. అంతదాకా రాకుండా లింగాకర్షక బుట్టలు, తట్టుకునే రకాలు, చేపల మేత కలిసి చాలావరకు కాపు కాస్తాయి. ఈ పొలంలో రైతు పిచికారీ డబ్బాకు తొందరపడకపోవడానికి కారణం ఉపదేశం కాదు. నీళ్లలో ఉన్న తన చేపల డబ్బు.

తూముకు కట్టిన జాలీ రెండు వైపులా కాపలా. లోపలి చేప బయటికి పోదు, బయటి కొరమీను లోపలికి రాదు. అయినా కొన్ని చొరబడతాయి కాబట్టి చిన్న పిల్లలను వదలరు, వేలెడుకు మించినవే వదులుతారు. బాతులున్న నీటిలో అయితే పది సెంటీమీటర్లకు తగ్గకూడదు. ఆ కొలత బాతు నోటిని బట్టి వచ్చింది.

బాతుల గూడు, కోళ్ల గూడు గట్టు మీద మొదలై మడుగు నీటి పైకి సాగి ఉంటాయి. తక్కువ ఖర్చుతో కట్టిన గూళ్లు, పైన గడ్డి కప్పు. రెట్ట, ఒలికిన దాణా నీళ్లలోనే పడతాయి. ఎత్తి పోయడానికి మనిషి అక్కర్లేదు. ఆ ఎరువుకు వృక్షప్లవకాలు, వాటి మీద జంతుప్లవకాలు, వాటి మీద బొచ్చె పెరుగుతాయి. కానీ ఎరువు మించితే అదే విషం. కుళ్లే పదార్థం రాత్రి ప్రాణవాయువును తినేసి, తెల్లారేసరికి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అందుకే హెక్టారు నీటికి 200 నుంచి 300 బాతులన్న కొలత చాలాకాలంగా వాడుకలో ఉంది. మన లెక్కలోని 1,370 చదరపు మీటర్ల నీటికి అది 27 నుంచి 41. ఒక ఇల్లు చూసుకోగల మంద! పగలు అవి మడిలో తిరిగి నత్తలను, పురుగులను ఏరుతాయి. వాటి ఈతకు నీరు కదిలి గాలి కలుస్తుంది. వాటిని మడిలోకి వదిలేది పైరు వేరు తొక్కుకున్నాక, ఆపేది వెన్ను బయటికి రాకముందు. గింజ రుచి తెలిసిన బాతును ఆపడం ఎవరి తరమూ కాదు.

గట్ల సంగతికొస్తే, నాకు అన్నిటికంటే నచ్చిన పని అక్కడే ఉంది. సొర, బీర, కాకర పాదులను గట్టు అంచున పెట్టి, పందిరిని కందకం పైకి వాలుస్తారు. తీగ నేలను ఆక్రమించదు, నీటిపైన ఖాళీగా ఉన్న గాలిని వాడుకుంటుంది. పాదుకు నీరు చేతి దూరంలోనే. కింద నీటికి కాస్త నీడ, మధ్యాహ్నపు వేడి తగ్గుతుంది. అయితే నీళ్లంతా కప్పేయకూడదు. వెలుతురు అందకపోతే ప్లవకాలు పెరగవు, ప్లవకాలు లేకపోతే చేపకు మేత లేదు. కాబట్టి పందిరి అంచు వరకే. అలాగే ఎత్తు పెరిగే కొబ్బరి, ఇతర చెట్లు ఉత్తరపు గట్టు మీద ఉంటే మేలు. వరి ఈనే కాలానికి సూర్యుడు దక్షిణానికి జరిగి ఉంటాడు, ఆ చెట్ల నీడ పొలం బయటికి పడుతుంది. దక్షిణపు గట్టుకు బొప్పాయి, మిరప, వంగ లాంటి పొట్టివి. కొబ్బరి నీడలో అల్లం, అనాస.

వరి కోత అయ్యాక మడిలో పెసర, నువ్వులు, పొద్దుతిరుగుడు, పుచ్చ వేస్తారు. తడి మడుగులోదే. ఎకరానికి అయిదు సెంటీమీటర్ల తడి ఇవ్వాలంటే 200 ఘనపు మీటర్లు కావాలి. నిండు మడుగులో దాదాపు 1,500 ఉన్నా అంతా తోడలేం. ఫిబ్రవరి, మార్చి దాకా అందులో చేప పెరుగుతోంది, ఎండకు కొంత ఆవిరవుతుంది. అందుకే తక్కువ తడితో గట్టెక్కే పంటలే ఎంచుకుంటారు. అదీగాక ఆ నీరు రెట్టతో, ప్లవకాలతో పచ్చగా ఉంటుంది. తోడిన ప్రతి తడిలోనూ పెసరకు కొంత ఎరువు అందుతుంది. చివరగా వేసవిలో మడుగు అడుగు బయటపడుతుంది. ఏడాది పాటు చేరిన నల్లటి ఒండ్రును తీసి అరటి మొదళ్లకూ కూరగాయ మళ్లకూ వేస్తారు. మడుగు లోతు తిరిగి 1.75 మీటర్లకు వస్తుంది, వానలకు కొట్టుకుపోయిన గట్టు తిరిగి ఎత్తు అందుకుంటుంది. రెండు మరమ్మతులకు ఒకటే కూలి. ఎలుకలు, ఎండ్రకాయలు చేసిన బొరియలను పూడ్చే అదను కూడా అదే. గట్టులో ఒక్క బొరియ చాలు, ఒక రాత్రి వానకు ఏడాది చేప పోవడానికి.

ఇంత చేశాక ఏం వచ్చిందన్నది కొలవడం వేరే విద్య. కటక్ సంస్థ ప్రచురించిన లెక్కల ప్రకారం హెక్టారుకు ఏటా 16 నుంచి 18 టన్నుల ఆహార పంటలు, 0.6 టన్ను చేప, రొయ్య, 8,000 నుంచి 12,000 గుడ్లు, ఇవిగాక మాంసం, వంటచెరకు, పశువులకు గడ్డి. వడ్లు, గుడ్లు, కాకరకాయలు ఒకే తక్కెడలో ఎలా తూచాలి? వ్యవసాయ శాస్త్రజ్ఞులు వరి సమాన దిగుబడి అనే కొలత వాడతారు. ఒక్కో సరుకు దిగుబడిని దాని ధరతో గుణించి వడ్ల ధరతో భాగిస్తారు. చేప ధర వడ్ల ధరకు అయిదు రెట్లు అనుకుంటే 600 కిలోల చేప మూడు టన్నుల వడ్లకు సమానం. చక్కని ఉపాయమే కానీ, వడ్ల ధర పడిపోయిన ఏడాది పొలంలో ఏమీ మారకుండానే ఆ అంకె పెరుగుతుంది. అందుకే దాని పక్కన పనిదినాలు, పొలంలోనే తిరిగి వాడిన ఎరువు, ఇంట్లో తిన్న గుడ్డూ కూరగాయా కూడా రాస్తారు. మీరట్ దగ్గరి మోదీపురంలో ఉన్న భారత వ్యవసాయ వ్యవస్థల పరిశోధన సంస్థ, దాని కింద మార్టేరు, రాజేంద్రనగర్ లాంటి కేంద్రాలు తమ తమ నేలలకు తగిన నమూనాలతో చేసే పని కూడా ఇదే తరహా. నాకు ఈ పట్టికల్లో పనిదినాల వరస మీద గురి. వరి ఒక్కటే వేసిన ఇంటికి జూన్, జూలైలలో ఊపిరి సలపదు, నవంబరు, డిసెంబరుల్లో మళ్లీ పని, మధ్య నెలల్లో వలస. ఈ పొలంలో రోజుకు కాసేపు చొప్పున ఏడాదంతా పని ఉంటుంది. పైగా చేప పట్టుబడి వరి కోత వారంలోనే పడదు, అది అయ్యాక మొదలవుతుంది. ఉన్న చేతులకే పని సర్దుకుంటుంది.

అడ్డంకులు చిన్నవి కావు. మొదటి ఏడాది మట్టి పని ఖర్చు రైతుకు కొండంత. కౌలుకు చేసేవాడు మరొకరి మడిలో 1.75 మీటర్లు తవ్వలేడు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో దుక్కి దున్నేవాళ్లలో చాలామంది కౌలుదారులే. ఈ నమూనా వాళ్ల గడప తొక్కాలంటే ముందు భూమి ఒప్పందాలు మారాలి, ఆ పని ఏ పరిశోధన క్షేత్రమూ చేయలేదు.

విస్తీర్ణం సంగతి మాత్రం క్షేత్రం చేతిలో ఉంది. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో 86 శాతం కమతాలు రెండు హెక్టార్ల లోపువి. సగటు కమతం 1.08 హెక్టార్లు, తెలంగాణలో 1.00, ఆంధ్రప్రదేశ్‌లో 0.94. సగటే అంత ఉంటే, ఎకరం రైతులు ఎందరో. ఎకరానికి ఇదే బొమ్మను కుదించవచ్చా అని లెక్క వేసి చూశాను. ఎకరం చతురస్రం భుజం 63.6 మీటర్లు. గట్టు 5.3 మీటర్లే ఉంచితే 30 శాతం నేల గట్లకే పోతుంది. 20 శాతం కావాలంటే గట్టు 3.4 మీటర్లకు తగ్గాలి. ఒక వరస అరటికి, నడకకు అది చాలు. మడుగును 10 మీటర్లు ఉంచితే అదొక్కటే 14 శాతం తింటుంది. దాన్ని 7 మీటర్లకు కుదించి, కందకం ఒక పక్కకే 3 మీటర్ల వెడల్పున తీస్తే రెండూ కలిపి 13.5 శాతం. లోతు మాత్రం తగ్గించకూడదు. పొలం చిన్నదైనంత మాత్రాన ఎండ తగ్గదు, తెల్లవారుజామున చేపకు కావలసిన ప్రాణవాయువూ తగ్గదు. 1.75 మీటర్లు అలాగే ఉంచితే మడుగు నుంచి సుమారు 700, కందకం నుంచి 150 ఘనపు మీటర్ల మట్టి వస్తుంది. గట్ల విస్తీర్ణం 810 చదరపు మీటర్లు. ఎకరంలో కూడా గట్టు మీటరు ఎత్తే లేస్తుంది.